హస్తసంధులు – కీళ్ళవాతము : నెల్లూరు తీరప్రాంత వృత్తులననుసరించి ఒక పరిశీలనము

సంస్కృతమున ‘పర్వము’ అను పదమునకు కణుపు అని అర్థము. వెదురునకు గల కణుపు, చేతివ్రేలికి గల కణుపు, గ్రంథమునందలి భాగము – ఈ మూడును ఆ పదమున ఇమిడియున్నవి. నెల్లూరున మనుమసిద్ధి ఆస్థానమును అలంకరించిన తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున రచించిన పదునైదు పర్వములను పఠించు విద్యార్థికి ఆ పదము గ్రంథభాగముగనే స్ఫురించును. ఆ పర్వములను తాటియాకులపై గంటముతో గీసిన వ్రేళ్ళకు గూడ పర్వములున్నవను సంగతి స్ఫురింపదు. ‘సంధి’ శబ్దమునకును ఇదే గతి. వ్యాకరణమున అది వర్ణముల కూడిక, శారీరమున అది అస్థుల కూడిక. తెలుగున ‘కణుపు’, ‘కీలు’ అను మాటలు ఈ రెండవ యర్థమును నేటికిని నిలిపినవి.

హస్తసంధులకు కలుగు వ్యాధులను ప్రాచీన వైద్యగ్రంథములు ఎట్లు విభజించినవి, ఆ విభాగము లోకవ్యవహారమున ఎట్లు చెరిగిపోయినది, దానివలన నెల్లూరు తీరమున చేతిపనిపై బ్రతుకు జనులకు కలుగుచున్న హాని యేమి, ఆ చేతులను కాపాడుకొను మార్గమేది యను విషయములు ప్రస్తుత వ్యాసమున చర్చింపబడుచున్నవి. వైద్యుడు చేయవలసిన నిర్ణయమును వ్యాసము చేయజాలదు. కాని ఏ వైద్యుని యొద్దకు ఎప్పుడు పోవలయునో తెలియుటకు పదముల పరిష్కారము మొదట అవసరము.

శాస్త్రమున హస్తసంధులు

సుశ్రుతుడు శారీరస్థానమున దేహమందలి సంధులను 210గా లెక్కించెను. అందు శాఖలయందు 68, కోష్ఠమున 59, మెడకు పైభాగమున 83. ఒక్కొక్క వ్రేలికి మూడేసి, బొటనవ్రేలికి మాత్రము రెండు చొప్పున చేతివ్రేళ్ళ సంధులు 14 అగును. మణికట్టు, మోచేయి, భుజమూలములను గూడ కలిపినచో ఒక్కొక్క చేతికి 17. నేటి శారీరశాస్త్రము హస్తమున 27 ఎముకలను చూపుచున్నది. అందు వ్రేళ్ళ యెముకలు సరిగా 14. లెక్కించిన వస్తువు భిన్నమైనను (ఒకచోట సంధి, ఒకచోట అస్థి) వ్రేలికి మూడు, బొటనవ్రేలికి రెండు అను మూలదృష్టి ఒక్కటియే.

సంధులను ఆకృతినిబట్టి ఎనిమిది విధములుగ విభజించి, వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి, మోకాలు మున్నగువానియందలి సంధులను ‘కోర’ సంధులనెను. తలుపుబందువలె ఒకే దారిని ముడుచుకొని విచ్చుకొను సంధులని దీని తాత్పర్యముగా గ్రహింపవచ్చును. కందెన పూసిన ఇరుసుపై బండిచక్రము చక్కగా తిరుగునట్లు, శ్లేష్మముతో కూడిన సంధులు చక్కగా పనిచేయునని ఆయన చెప్పిన పోలిక ప్రసిద్ధము. ఈ పోలికను లోకము సగమే పట్టుకొన్నది. కీలు నొచ్చినదనగానే పైనుండి నూనె పూయుటకు ఇదియే ప్రమాణమైనది. సుశ్రుతుడు చెప్పిన కందెన చర్మముపై పూసెడిది కాదు, సంధిలోపల స్వభావముగ నుండెడిది.

‘వాతము’ అను ఒక్క మాట

చరకుడు సూత్రస్థానమున కేవల వాతజములైన వ్యాధులను 80గా పేర్కొనెను. అన్నియు వాతమే యైనను అన్నిటికిని చికిత్స ఒక్కటి కాదు. కీళ్ళను గూర్చిన మేరకు మూడు వ్యాధులను విడదీసి చూడవలెను.

మొదటిది సంధిగతవాతము. గాలి నింపిన తోలుతిత్తిని తాకినట్లుండు వాపు, చాచునప్పుడును ముడుచునప్పుడును నొప్పి దీని లక్షణములని చరకసంహిత చికిత్సాస్థానము 28వ అధ్యాయము చెప్పుచున్నది. ఇందు జ్వరము గాని, అరుచి గాని, దేహమంతయు క్రుంగుట గాని చెప్పబడలేదు. వ్యాధి సంధియందే యున్నది. దీనికి సుశ్రుతుడు స్నేహనము, ఉపనాహము, అగ్నికర్మ, బంధనము, మర్దనము అనువానిని విధించెను.

రెండవది వాతరక్తము. చరకుడు దీనికి వేరుగా 29వ అధ్యాయమునే కేటాయించెను. చేతులు, పాదములు, వ్రేళ్ళు, సకల సంధులు దీనికి స్థానములు. మొదట చేతులయందో పాదములయందో వేరూని పిదప దేహమంతట ప్రాకును. చర్మమాంసముల నాశ్రయించినది ఉత్తానము, లోతునకు దిగినది గంభీరము. ఎలుకవిషమువలె మెల్లగా వ్యాపించునని సుశ్రుతుని పోలిక.

మూడవది ఆమవాతము. దీనిని ప్రత్యేకవ్యాధిగ విపులముగ వర్ణించినవాడు మాధవకరుడు. మాధవనిదానము 25వ అధ్యాయము దీనికే చెందినది. ఒళ్ళునొప్పులు, అరుచి, దప్పిక, బద్ధకము, జ్వరము, అన్నము అరగకుండుట ముందు కనిపించి, చేతులు, పాదములు, చీలమండలు, మోకాళ్ళు మున్నగు సంధులయందు వాపు, తేలు కుట్టినట్టి బాధ కలుగునని ఆ గ్రంథము చెప్పుచున్నది. అనగా ఇది కీలులో పుట్టిన వ్యాధి కాదు. దేహమంతటికిని సంబంధించిన వ్యాధి కీళ్ళలో ప్రకటమగుచున్నది. ఈ ఒక్క భేదమును గుర్తించుటకే మాధవకరుని మనము స్మరింపదగును.

చికిత్సలోని భేదము ఇంకను స్ఫుటము. 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుడు ఆమవాతమునకు లంఘనము, స్వేదము, తిక్తకటు దీపనద్రవ్యములు, విరేచనము మొదలైనవానిని చెప్పి, స్వేదమును గూడ ఇసుకమూటతో రూక్షముగ చేయవలెనని నియమించెను. నూనె మర్దనమునకు మొదట తావు లేదు. సంధిగతవాతమున నూనె మందు, ఆమవాతపు తొలిదశలో నూనె అపథ్యము. ఇంతటి విరుద్ధభావములు గల రెండు వ్యాధులను నేడు మన యూళ్ళలో ‘వాతపు నొప్పులు’ అని ఒక్కటే మాటతో పిలుచుచు, ఒక్కటే సీసాలోని తైలమును రెండింటికిని రుద్దుచున్నారు.

ఆముదము సంగతి ఈ సందర్భమున చెప్పదగినది. ఆమవాతమను ఏనుగునకు ఆముదము సింహమువంటిదని వైద్యగ్రంథములలో నానుడి గలదు. దానిని విన్నవారు వాచిన వ్రేళ్ళకు ఆముదము మర్దించుచున్నారు. గ్రంథకర్తల యుద్దేశము లోనికి పుచ్చుకొను ఆముదము, విరేచనార్థము. అదియు రోగి బలమెరిగిన వైద్యుని పర్యవేక్షణమున. శ్లోకము నోటనున్నను అన్వయము తప్పినచో ఔషధము అపథ్యమగునని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము నాకు తోచలేదు.

నేటి వైద్యముతో సమన్వయము

ఈ మూడింటిని నేటి వ్యాధులతో ఒకటికొకటి ముడివేయుట వాడుకలో ఉన్నది: సంధిగతవాతము అరుగుదల వ్యాధి యగు ఆస్టియో ఆర్థ్రయిటిస్ అనియు, ఆమవాతము రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనియు, వాతరక్తము గౌట్ అనియు. మొదటి రెండు సమీకరణములు చాలవరకు నిలుచును. మూడవది అంతగా నిలువదు. రక్తమున యూరిక్ ఆమ్లము పెరుగుటవలన కలుగు గౌట్ తరచుగా కాలిబొటనవ్రేలి మొదట హఠాత్తుగా వచ్చును. వాతరక్త లక్షణములలో చర్మవికారములు మున్నగు ఇతర వ్యాధుల చిహ్నములును కలిసియున్నవి. కనుక పేరుకు పేరు మార్చుటకంటె చేతిని చూచి భేదమెరుగుట మేలు.

చేయి తన వ్యాధిని తానే చెప్పును. అరుగుదల వ్యాధి వ్రేళ్ళ కొనకణుపులను, నడిమికణుపులను, బొటనవ్రేలి అడుగుకీలును పట్టును. కొనకణుపుల ప్రక్కల గట్టి బుడిపెలు లేచును. వీనిని 18వ శతాబ్దపు ఆంగ్లవైద్యుడు విలియం హెబర్డెన్ వర్ణించుటచేత అవి ఆయన పేరుతో వ్యవహరింపబడుచున్నవి. ఉదయము లేచినప్పటి బిగువు అరగంటలోపున సడలును. నడివయస్సు దాటిన స్త్రీలకు ఇది హెచ్చు. రుమటాయిడ్ వ్యాధి కొనకణుపులను సాధారణముగ విడిచి, పిడికిలి పట్టినప్పుడు పైకి లేచు మొదటి కణుపులను, నడిమికణుపులను, మణికట్టును, తరచుగా రెండు చేతులను సమముగ పట్టును. ఉదయపు బిగువు గంటకు మించియుండును. వాపు మెత్తగా, వెచ్చగా నుండును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగ వచ్చును.

వైద్యులు ఈ రెండవ వ్యాధిని అనుమానించినప్పుడు రోగి పిడికిలి మొదటి కణుపులను ప్రక్కలనుండి మెల్లగా అదిమి చూతురు. మన స్త్రీలకు ఈ పరీక్ష సహజముగనే జరుగుచున్నది. గాజులంగడిలో చేయి అదిమి గాజులెక్కించునప్పుడు ఆ చోటనే నొక్కుడు పడును. ఎన్నడును లేని నొప్పి అప్పుడు పుట్టి, ఆరు వారములకు మించి వాపు నిలిచినయెడల, గాజుల కొలత మార్చుకొనుటకు ముందు కీళ్ళవైద్యుని దర్శించుట యుక్తము. రుమటాయిడ్ వ్యాధిలో మొదటి కొలది మాసములలో మందు ఆరంభించినచో వ్రేళ్ళు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. ఆ కాలమును నూనెలతో గడపినవారికి పిదప ఎంత మంచి మందైనను వంగిన వ్రేలిని నిలుపలేదు. వ్యాసమునకు మూలమైన ఆందోళన ఇదియే.

మరి రెండు కారణములను ఈ ప్రాంతమున మరువరాదు. చికున్‌గున్యా జ్వరము 2005 చివరనుండి 2006 వరకు ఆంధ్రదేశమున విజృంభించినది. జ్వరము తగ్గిన పిదప మాసముల తరబడి వ్రేళ్ళు, మణికట్లు నొచ్చి బిగుసుకొనుట దాని స్వభావము. ఈ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాషనుండి వచ్చినది. వంగిపోవుట, మెలిదిరుగుట దాని యర్థము. 1952–53లో టాంగనీకాలో ఈ జ్వరము చెలరేగినప్పుడు అచటి జనులు పెట్టిన పేరు. మన జనులు ‘వేళ్ళు కొంకర్లు పోయినవి’ అనుటకును ఆ మాటకును భావసామ్యము గమనింపదగినది. సముద్రమునకు ఆవలి జనులు గూడ వ్యాధిని చేతి వంకరతోనే గుర్తుపట్టిరి.

రెండవది ఫ్లోరోసిస్. మన దేశమున ఈ వ్యాధి 1937లో మొదట వెల్లడియైనది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు నుండి విడిపోయినవి. ఇది మెట్టనేలల బావినీటి వ్యాధి, తీరమునకు అంతగా చెందినది కాదు. అయినను మెట్టనుండి కూలికి దిగివచ్చినవారి మెడ, వెన్ను, కీళ్ళు కలిసి బిగిసినప్పుడు త్రాగునీటిని గూడ విచారింపవలెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. నీరు మారనిదే చేతికి ఎన్ని ఉపచారములు చేసినను ఫలము లేదు.

తీరమున చేతిపని

మైపాడు, ఊటుకూరు, ఇసకపల్లి, జువ్వలదిన్నె మొదలైన గ్రామములలో చేయి పడెడి శ్రమ ఒక రీతిది కాదు. వల లాగువాని శ్రమ గుప్పిటిలో నుండును. వల బాగుచేయువాని శ్రమ బొటనవ్రేలి కొనను ఉండును. నైలాను వలలు వచ్చిన తరువాత ఇంట వల అల్లుట తగ్గినది గాని, చినిగిన కన్నులను ముడివేయుట తగ్గలేదు. సన్నని దారమును బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ బిగించి ముడి లాగుట గంటలకొలది సాగును. ఉప్పుమడులలో పనిచేయువారికి కర్రపిడి పట్టు, ఉప్పునీటి ఒరిపిడి. వరినాట్లలో బొటనవ్రేలితో రెండు వ్రేళ్ళు కలిపి నారును బురదలోనికి నొక్కుట. 1990వ దశకము ఆరంభమునుండి విస్తరించిన రొయ్యల సాగు మరియొక శ్రమను తెచ్చినది. మంచుగడ్డల నడుమ కూర్చుండి రొయ్యల తలలు త్రుంచి పొట్టు తీయు స్త్రీల వ్రేళ్ళకు చిటికెపట్టు, చలి, తడి మూడును ఒక్కసారిగ తగులుచున్నవి.

ఇందు చిటికెపట్టును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. వ్రేళ్ళ కొనలతో ఒక కిలో బలముతో పట్టినప్పుడు బొటనవ్రేలి అడుగుకీలుపై సుమారు 12 కిలోల ఒత్తిడి పడునని 1977లో ప్రచురింపబడిన అమెరికా పరిశోధనయొకటి లెక్కకట్టినది. కొనను కనిపించు స్వల్పబలము మొదట ఎంతగా పెరుగునో దీనివలన తెలియును. తిక్కనకు లేఖకుడుగా ఐతిహ్యము చెప్పెడి కుమ్మరి గురునాథుని తలచుకొనుడు. గంటముతో వ్రాయుట సిరాతో వ్రాయుట వంటిది కాదు. ఆకును ఎడమచేత పట్టి, ఎడమబొటనవ్రేలి ఊతతో గంటపు మొనను నడపుచు, ప్రతి యక్షరమును నొక్కి చెక్కవలయును. పదునైదు పర్వముల భారతమును అట్లు చెక్కిన చేతి యడుగుకీలు ఎంత భారము మోసినదో చరిత్రకారులు విచారించినట్లు లేదు. కుండలు చేసిన చేయి కనుక ఓర్చినదేమో.

సంధిరక్ష

చేతిని కాపాడుటయనగా పని మానుట కాదు. పని మానిన చేయి త్వరగా బిగియును, కండ సన్నగిల్లును. పనిని చిన్న కీలునుండి పెద్ద కీలునకు, ఒక చేతినుండి రెండు చేతులకు, కొనవ్రేళ్ళనుండి అరచేతికి మార్చుటయే ఇందలి కీలకము. పని ముగిసిన గంట రెండు గంటలకును నొప్పి తగ్గనియెడల ఆ పని మోతాదు మించినదని గ్రహించి, మరునాడు తగ్గించుకొనవలెను. నొప్పిని ఓర్చుకొని సాధించుట ఇచట గుణము కాదు.

నీళ్ళబిందెను అంచుపట్టి వ్రేళ్ళతో వ్రేలాడదీయుట తగదు. చంకనెత్తుకొన్నచో బరువు నడుమునకును మోచేతికిని చేరును. మత్స్యకార స్త్రీలు చేపలతట్టను తలపై మోయుట వ్రేళ్ళకు మేలే (మెడకు మేలు కాకపోవచ్చును, అది వేరు విచారము). తడిబట్టను మెలిపెట్టి పిండుట రుమటాయిడ్ వ్యాధి గలవారికి మిక్కిలి చెరుపు. ఆ మెలిక వ్రేళ్ళను చిటికెనవ్రేలివైపు త్రోయును, ఆ వ్యాధిలో వ్రేళ్ళు వాలిపోవు దిక్కును అదియే. అరచేతులతో అదిమి నీరోడ్చి ఆరవేసినచో చాలును. తక్కిన పనిని సముద్రపుగాలి చేయును. డబ్బామూతను వ్రేళ్ళకొనలతో పట్టి త్రిప్పక, తడిగుడ్డ వేసి అరచేతిని మూతపై ఆనించి భుజబలముతో త్రిప్పవలెను. చేదత్రాడు సన్ననిదైనచో పాతగుడ్డ చుట్టి లావుచేసికొనవలెను.

పిడి లావు పెరిగినకొలది పట్టునకు వలసిన బలము తగ్గును. కొడవలి, గరిటె, కత్తి, కలము – అన్నింటికిని ఈ సూత్రము వర్తించును. ఉదయగిరి వడ్రంగులు చెక్కెడి కర్రగరిటెలు ప్రసిద్ధములు. వానినే లావుపిడితో, నునుపుగ చెక్కించుకొన్నచో విదేశపు పనిముట్లతో పనిలేదు. కొడవలిపిడికి సైకిలు ట్యూబు ముక్కను తొడిగినను అదే ప్రయోజనము. వల ముడివేయువారు అరగంటకొకమారు దారము విడిచి పిడికిలి విప్పి మూయుట, కర్రసూదికి గుడ్డచుట్టి లావు చేయుట మంచిది. మంచులో పనిచేయువారు రబ్బరు తొడుగులోపల నూలు తొడుగు ధరించి, విరామమున గోరువెచ్చని నీట చేతులుంచవలెను. వాపు వచ్చుచున్న వ్రేలినుండి ఉంగరమును వెంటనే తీసివేయవలెను. ఆలసించినచో కంసాలిచేత కోయించుకొనవలసి వచ్చును.

చదువరులమైన మనకును ఇందు భాగమున్నది. శబ్దరత్నాకరము వంటి బరువైన నిఘంటువును ఒక చేతి వ్రేళ్ళతో పట్టి మరియొక చేత పుటలు త్రిప్పుట అడుగుకీలునకు పరీక్షయే. గ్రంథగౌరవమునకని వాడెడి వ్యాసపీఠము హస్తరక్షకును సాధనము. నొక్కి వ్రాయవలసిన బాలుపాయింటు కలముకంటె సిరా ధారాళముగ జారు కలము మేలు.

స్వేదము, శీతము, కదలిక

అరుగుదల వ్యాధిలో ఉదయపు బిగువునకు గోరువెచ్చని నీరు, వావిలాకు కాచిన నీరు, కరిగించిన మైనపు పూత – ఏదైనను కొంతసేపు ఉపశమనము నిచ్చును. నిర్గుండి యని సంస్కృతమున ప్రసిద్ధమైన వావిలి ఈ ప్రాంతపు కాలువగట్లయందు కొరత లేనిది. ఇసుకమూట స్వేదమునకు తీరవాసులకు ద్రవ్యము వెదుకనక్కరలేదు. ఉప్పు పోవునట్లు కడిగి యెండించిన ఇసుకను వేచి గుడ్డలో మూటకట్టి, ముందు మోచేతి లోపలివైపున తాకించి వేడి పరీక్షించి, పిదప వ్రేళ్ళకు కాపవచ్చును. కాని కీలు ఎఱ్ఱబారి, ముట్టనీయనంత వేడిగ నున్నప్పుడు ఏ కాపటమును తగదు. అప్పుడు చల్లని తడిగుడ్డయే హితము. రక్తము, పిత్తము ప్రబలిన వాతరక్తమున శీతలేపములను చరకుడును విధించెను. మధుమేహరోగులను స్వేదమునకు అనర్హులుగ చరకుడు సూత్రస్థానము 14వ అధ్యాయమున పేర్కొనుట గమనింపదగినది. స్పర్శ మందగించిన వ్రేళ్ళకు కాలినను తెలియదని నేటి వైద్యులు హెచ్చరించుట దీనికి అనుగుణముగనే యున్నది. కారణము ఇరువురు వేరుగ చెప్పినను నిషేధము ఒక్కటి.

కదలికను గూర్చి మన సంప్రదాయమున ఒక సిద్ధాభ్యాసము కలదు. గాయత్రీజపమున కరమాలతో లెక్కించువారు అనామిక నడిమికణుపున ఆరంభించి, క్రిందికి దిగి, కనిష్ఠిక మూలమునుండి కొనకెక్కి, అనామిక, మధ్యమల కొనలమీదుగ తర్జని కొననుండి మూలమునకు దిగుదురు. మధ్యమ క్రింది రెండు కణుపులు మేరువని విడువబడును. బొటనవ్రేలు నాలుగు వ్రేళ్ళను చేరి పది పర్వములను స్పృశించును. సామగానమున స్వరములను వ్రేలి పర్వములపై బొటనవ్రేలితో గుర్తించుటయు ఇట్టిదే. చేతిరోగులకు నేడు వ్యాయామవైద్యులు నేర్పెడి అభ్యాసములలో బొటనవ్రేలిని ప్రతి వ్రేలికిని చేర్చుట ముఖ్యమైనది. జపము వ్యాయామమునకై యేర్పడినదని నేననను. అట్టి వాదములు శాస్త్రమునకును జపమునకును గౌరవము తేవు. ఆ కదలిక చేతికి హితమని మాత్రము చెప్పవచ్చును. అడుగుకీలు నొచ్చువారు కణుపును నొక్కక తాకి విడిచినచో చాలును. దీనికితోడు పిడికిలి మెల్లగా మూసి పూర్తిగ విప్పుట, అరచేతిని బల్లపై పరచి ఒక్కొక్క వ్రేలిని బొటనవ్రేలివైపు జరుపుట దినమునకు రెండుమారులు చేయదగినవి. రుమటాయిడ్ రోగులకు క్రమబద్ధమైన హస్తవ్యాయామము నేర్పినచో చేతిపనితనము మెరుగుపడునని 2015లో ఇంగ్లండున వెలువడిన పరిశోధన నిరూపించినది.

ఔషధములను గూర్చి రెండు మాటలు. రుమటాయిడ్ వ్యాధికి ప్రధానమైన మెథోట్రెక్సేట్ మాత్రను వారమునకు ఒక్కదినము మాత్రమే వాడవలెను. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. చీటీపై ఆ వారమును తెలుగున వ్రాయించుకొనుట మంచిది. గర్భము దాల్చినవారు, దాల్చగోరువారు ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పవలెను. ఒక్కపూటలో నొప్పిని మాయము చేయు పొట్లపుపొడులను శంకింపవలెను. అట్టివానిలో స్టెరాయిడ్లు కలిసియున్న సందర్భములు పలుచోట్ల వెల్లడియైనవి. వానివలన ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, మధుమేహము కలుగును. దీర్ఘకాలము వాడి హఠాత్తుగ మానుటయు అపాయకరమే.

బంధనము చివరిది. సంధిగతవాతమునకు సుశ్రుతుడు చెప్పిన ఈ ఉపాయమును మన యిండ్లలో విడిచిపెట్టితిమి. నూనె నిలిచినది గాని కట్టు నిలువలేదు. బొటనవ్రేలి అడుగుకీలును కదలనీయక ఆపెడి ఊతపట్టీని ఏడాదిపాటు రాత్రివేళల ధరించినవారికి నొప్పి తగ్గి పనితనము మెరుగైనట్లు ఫ్రాన్సు దేశమున జరిగి 2009లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. పట్టీ బొటనవ్రేలి మూలమును, మణికట్టును ఆనియుండవలెను, వ్రేళ్ళకొనలు విడిగా నుండవలెను. కొనలు నీలమైనను, తిమ్మిరెక్కినను కట్టు బిగువైనదని తెలిసి సడలింపవలెను. ఉదయము పట్టీ విప్పిన వెంటనే చేయి గోరువెచ్చని నీట ముంచి, పది పర్వములను ఒకమారు తాకి, పిదప పనికి పూనుకొనవచ్చును.